గీతకు ఏ వైపున?

బీజగణితమును పాఠశాలలో చదివి విడిచినవారిలో పెక్కుమందికి ఆ శాస్త్రమును గూర్చి మిగిలియుండు జ్ఞాపకము ఒక్కటే: అజ్ఞాతరాశి యొకటి యెక్కడనో దాగియుండును, దానిని సమాన చిహ్నమునకు ఒక ప్రక్కకు తరిమి పట్టుకొనవలెను, పట్టుబడిన మరుక్షణమే లెక్క ముగియును. అజ్ఞాతములు రెండైనచో రెండు సమీకరణములు, రెండు సరళరేఖలు. అవి ఖండించుకొన్న బిందువే సమాధానము. చక్కని విద్యయే గాని, లోకవ్యవహారమున మనకెదురగు ప్రశ్నలు ఈ మూసలో ఇమిడి వచ్చుట అరుదు. పెండ్లి భోజనమునకు ఎందరు వత్తురని వంటబ్రాహ్మణుడడిగినచో 'మున్నూటికి తగ్గరు, నన్నూటికి మించరు' అని చెప్పుదుము గాని 'మున్నూట యిరువది యేడుగురు' అని చెప్పము. లారీ మోయదగిన బరువు, ఉద్యోగమునకు పెట్టిన వయఃపరిమితి, నెలజీతములో ఇంటి అద్దెకు ఈయగల సొమ్ము, జలాశయములో నిలువదగిన నీటిమట్టము, ఇవన్నియు 'తగ్గరాదు', 'మించరాదు' అను రెండు మాటలతోనే నడచుచున్నవి. ఇట్టి మాటలను గణితమున అసమీకరణములందురు. సమీకరణము మనకొక బిందువును చూపి ఊరకుండగా, అసమీకరణములు ఒక ప్రదేశమునే చూపి, అందు మనకు నచ్చినచోట నిలువుమని చెప్పును. బడిలో సమీకరణమునకు జరిగిన మర్యాద అసమీకరణమునకు జరుగలేదనియే నా అభిప్రాయము.

ఈ మాటలకు గుర్తులు ఏర్పడుటకును కొంత కాలము పట్టినది. సమాన చిహ్నమును రాబర్ట్ రికార్డు అను వైద్యుడు 1557లో ఇంగ్లండున అచ్చైన తన గ్రంథములో ప్రవేశపెట్టినాడు. 'కంటె చిన్నది', 'కంటె పెద్దది' అను అర్థములనిచ్చు <, > అను కోణములు మాత్రము, థామస్ హారియట్ అను గణితజ్ఞుడు గతించిన పదేండ్లకు, 1631లో వెలువడిన ఆతని గ్రంథమున లోకమునకు కనబడినవి. 'చిన్నది గాని, సమానమైనది గాని' అను రెండర్థములను ఒక్క గుర్తులో ఇముడ్చుటకై కోణము క్రింద గీతలు చేర్చినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్ బూగే. అది 1734 నాటి మాట. అజ్ఞాతములకు పేరు పెట్టు విషయమున మనవారు ఎవరికిని తీసిపోయినవారు కారు. మొదటి అజ్ఞాతమును యావత్తావత్ అనియు, తరువాతివానిని కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లతోను పిలిచి, వాని మొదటి అక్షరములనే సంకేతములుగా వాడు సంప్రదాయము భాస్కరాచార్యుని బీజగణితమున కలదు. ఈ వ్యాసమునందు నేనును ఆ బాటనే పట్టి, మొదటి రాశిని యా అనియు, రెండవదానిని కా అనియు వ్రాయుదును.

ఇక విషయమునకు వత్తము. 1918లో కూనూరున బెరిబెరి వ్యాధిని గూర్చిన చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యని పిలువబడుచున్న పరిశోధనాలయము మనవారు తిను ఆహారపదార్థములలో ఏ పోషకము ఎంత గలదో పట్టికలుగా కూర్చి ప్రచురించినది. ఆ పట్టికలను బట్టి నూరు గ్రాముల మిల్లు బియ్యమునందు సుమారు 7 గ్రాముల మాంసకృత్తులును, నూరు గ్రాముల కందిపప్పునందు సుమారు 22 గ్రాముల మాంసకృత్తులును ఉండును. కేలరీలు బియ్యమున 345, పప్పున 335. లెక్క సుకరమగుటకై రెండింటికిని 340 అని పట్టుకొందము. ఒక మనుష్యునికి దినమునకు ఈ రెండింటినుండియే కనీసము 1700 కేలరీలును, 50 గ్రాముల మాంసకృత్తులును రావలెననియు, తక్కినది నూనె, కూరలు, మజ్జిగ చూచుకొనుననియు ఊహింతము. పప్పు రెండువందల గ్రాములకు మించినచో కడుపు ఓర్వదు. బియ్యము ఆరువందల గ్రాములకు మించి తినుట ఈ కాలమువారికి సాధ్యము కాదు. ఈ కోరికల అంకెలు నేను కల్పించినవే గాని వైద్యుని చీటీలోనివి కావు.

బియ్యమును నూరేసి గ్రాములలో కొలిచి యా అనియు, పప్పును అట్లే కొలిచి కా అనియు అందము. కేలరీల కోరిక 340 యా + 340 కా ≥ 1700, అనగా యా + కా ≥ 5. మాంసకృత్తుల కోరిక 7 యా + 22 కా ≥ 50. ఓపికకు సంబంధించిన హద్దులు యా ≤ 6, కా ≤ 2. వీనికి తోడు ఎవ్వరును పైకి చెప్పని హద్దులు రెండు గలవు: యా ≥ 0, కా ≥ 0. సున్నకు తక్కువైన బియ్యమును ఎవ్వడును వండలేడని మనకు తెలియును గాని కాగితమునకు తెలియదు. కనుక దానికి చెప్పియే తీరవలెను.

గ్రాఫు కాగితముపై అడ్డముగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి, అవి కలిసిన చోటు మూలబిందువనుకొని, అడ్డగీత వెంబడి బియ్యమును, నిలువుగీత వెంబడి పప్పును కొలుతము. ఇప్పుడా కాగితముపై పెన్సిలు మొనను ఎచ్చట మోపినను అది ఒక భోజనము: కుడికి నాలుగు, పైకి ఒకటి అన్నచోట నాలుగువందల గ్రాముల బియ్యము, నూరు గ్రాముల పప్పు, మూలబిందువునొద్ద ఉపవాసము. మన కోరికలను తీర్చు భోజనము లేవి, తీర్చని వేవి అని ఒక్కొక్క బిందువును విచారింప బూనినచో ఆయుర్దాయము చాలదు. ఈ విద్యలోని సొగసంతయు ఆ విచారణను ఒక్క గీతతో ముగించుటయందే యున్నది.

మొదట యా + కా ≥ 5 అనుదానిని తీసికొని, కోణమును తాత్కాలికముగా మరచి, యా + కా = 5 అను సరళరేఖను గీయవలెను. పప్పు లేనిచో బియ్యము ఐదు, బియ్యము లేనిచో పప్పు ఐదు. ఆ రెండు బిందువులను స్కేలుతో కలిపినచో రేఖ సిద్ధము. ఆ రేఖ కాగితమును రెండు అర్ధతలములుగా చీల్చినది. ఒక అర్ధతలములోని భోజనములన్నియు కోరికను తీర్చును, రెండవదానిలోనివి ఒక్కటియు తీర్పవు. ఏలయనగా రేఖను దాటక ఒక బిందువునుండి మఱియొక బిందువునకు నడచునపుడు యా, కా ల మొత్తము ఐదుకు తక్కువనుండి ఎక్కువకు మారుటకు వీలు లేదు, మారవలెనన్నచో మధ్య ఎచ్చటనో సరిగా ఐదు కావలెను, అట్లయినచో రేఖను తాకినట్లే. కావున ఒక వైపున ఒక్క బిందువును పరీక్షించినచో ఆ వైపు సర్వమును పరీక్షించినట్లు. పరీక్షకు మూలబిందువే సులభము: యా సున్న, కా సున్న, సున్న ఐదుకు తక్కువ, కోరిక తీరలేదు. కాబట్టి మూలబిందువున్న వైపును విడిచి, ఆవలి వైపున పెన్సిలుతో ఏటవాలుగా సన్నని గీతలు నింపవలెను. రేఖయే మూలబిందువు గుండ పోవునప్పుడు మాత్రము ఈ ఉపాయము పనికిరాదు. రేఖపై లేని మఱి యే బిందువునైనను ఏరుకొనవలెను.

ఇచట విద్యార్థులు తరచుగా తప్పు చేయు తావు ఒకటి గలదు. 'పెద్దది' అను గుర్తున్నచో రేఖకు పైభాగము, 'చిన్నది' అన్నచో క్రిందిభాగము అని కొందరు కంఠస్థము చేయుదురు. కా అను రాశిని ధనచిహ్నముతో ఎడమవైపున ఒంటరిగా నిలిపినపుడే ఆ సూత్రము చెల్లును. అట్లు నిలుపుటకై రాశులను అటునిటు జరుపునప్పుడు −కా ≤ యా − 5 అని తేలినదనుకొందము. ఇరువైపులను ఋణ సంఖ్యచే గుణించినపుడు కోణము తలక్రిందులు కావలెను: 3 కంటె 5 పెద్దది గాని, −3 కంటె −5 చిన్నది, మూడు రూపాయల అప్పున్నవానికంటె ఐదు రూపాయల అప్పున్నవాడు బీదవాడు గదా. కావున కా ≥ 5 − యా అని వ్రాయవలెను. ఈ తిరుగుడును మరచినవాడు గీత చక్కగా గీసియు, తప్పు వైపున నింపి, ఆకలితో నున్నవారి నందరిని తృప్తులుగా లెక్కించును. అందువలన కంఠస్థము చేసిన సూత్రముకంటె మూలబిందువు పరీక్షయే నమ్మదగినదని నేను చెప్పుదును. అది అర క్షణము పని.

రేఖ మన కోరికలో చేరునా, చేరదా అను సందేహము మఱియొకటి. పొలమునకు గట్టెట్టిదో అర్ధతలమునకు రేఖ అట్టిది; గట్టు మనదేయైనచో దానిమీద నడువవచ్చును. ≥ అని యున్నచో సరిగా ఐదైనను చాలును గనుక గట్టు మనదే, రేఖను నిండుగా గీయుదుము. ఉత్త > మాత్రమే యున్నచో ఐదుకు వెండ్రుకవాసియైనను మించవలెను గనుక గట్టు పరులది, దానిని చుక్కల గీతగా గీయుదుము.

రెండవ కోరిక 7 యా + 22 కా ≥ 50 కూడ ఇట్లే. నిలువుగీతపై రెండుంబావుకు కొంచెము పైనను, అడ్డగీతపై ఏడుకు కొంచెము ఆవలను గుర్తులు పెట్టి కలిపినచో, మొదటి రేఖకంటె చాల వాలుగా పడుకొన్న రేఖ వచ్చును. దీనికిని మూలబిందువు అవతలి వైపే మనది. యా = 6 అను నిలువు గీతకు ఎడమ ప్రక్కను, కా = 2 అను అడ్డ గీతకు దిగువను కూడ నింపినచో, అన్ని నింపుడులును ఒకదానిపై నొకటి పడి దట్టముగా కనబడు చోటు ఒక్కటి మిగులును. అది నాలుగు మూలల చిన్న మడి. ఆ మూలలు ఇవి: బియ్యము 4, పప్పు 1; బియ్యము 6, పప్పు 4/11; బియ్యము 6, పప్పు 2; బియ్యము 3, పప్పు 2. మన కోరికలన్నింటిని ఏకకాలమున తీర్చు భోజనములన్నియు ఆ మడిలో నున్నవి, వెలుపల ఒక్కటియు లేదు. ప్రతి కోరికను విడివిడిగా గౌరవించుటకంటె అన్నింటిని కలిపి గౌరవించుట ఎంత కష్టమో, విశాలమైన కాగితముపై ఆ మడి యెంత చిన్నదో చూచినవానికి వేఱుగా చెప్పనక్కరలేదు.

బియ్యము రెండువందల గ్రాములకు మించరాదని ఎవరైన పట్టుబట్టిరనుకొనుడు. అప్పుడు రెండును రెండును కలిసి నాలుగే యగును, ఐదు కానేరదు. నింపుడులు ఎచ్చటను కలియవు. కాగితముపై దట్టమైన చోటే యుండదు. పరీక్షలో ఇట్టి లెక్క వచ్చినచో పిల్లలు తామే తప్పు చేసితిమని బెదరిపోదురు గాని, శూన్యమును ఒక సమాధానమే. ఖర్చులన్నియు అట్లే యుంచి రాబడిని తగ్గించి, ఇంకను సంసారము నడుపుమను వారికి ఈ బోసి కాగితమును చూపవచ్చును.

ఇంతవరకు ఏ భోజనమైనను సరియే యన్నాము. వెల చౌక కావలెనన్నచో? బియ్యము కిలో 50 రూపాయలు, పప్పు కిలో 150 రూపాయలని పెట్టుకొన్నచో నూరేసి గ్రాములకు 5, 15 రూపాయలు; భోజనపు వెల 5 యా + 15 కా. అరువది రూపాయల వెలగల భోజనములన్నియు ఒక సరళరేఖపై నుండును. నలుబదియైదు రూపాయలవి దానికి సమాంతరమైన మఱియొక రేఖపై, దానికి క్రింద. స్కేలును కాగితముపై ఆ వాలులో ఉంచి, వాలు చెడకుండ మూలబిందువు వైపునకు మెల్లగా జరుపుచు పోయినచో వెల తగ్గుచు వచ్చును. స్కేలు మన మడిని విడిచిపోవుటకు ముందు కట్టకడపట తాకిన చోటే అన్నిటికంటె చౌకయైన భోజనము. మడికి అంచులన్నియు సరళరేఖలే గనుక ఆ కడపటి స్పర్శ ఒక మూలయొద్దనే జరుగును. ఒకవేళ ఒక అంచంతయు స్కేలుతో కలిసిపోయినను ఆ అంచు చివరలు మూలలే. కావున లెక్కలేనన్ని భోజనములను విడిచి నాలుగు మూలలను విచారించిన చాలును. వరుసగా వానివెలలు 35 రూపాయలు, సుమారు 35 రూపాయల 45 పైసలు, 60, 45. నాలుగువందల గ్రాముల బియ్యము, నూరు గ్రాముల పప్పు: తెలుగువారి విస్తరికి అంత దూరము కాని సమాధానమే వచ్చినది.

అయితే ఇచటనే ఒక విచిత్రము దాగియున్నది. పప్పు వెల కిలోకు పది రూపాయలు పెరిగి 160 అయినదనుకొందము. మొదటి మూల వెల 36 రూపాయలైనది. రెండవ మూల వెల సుమారు 35 రూపాయల 82 పైసలు. పదునెనిమిది పైసల ఆదాకై సమాధానము ఒక్క గంతున రెండవ మూలకు దుమికి, పప్పును నూరు గ్రాములనుండి ముప్పదియారు గ్రాములకు దించి, బియ్యమును ఆరువందలకు పెంచినది. వెల మెల్లమెల్లగా పెరుగుచుండగా చౌకభోజనము మెల్లమెల్లగా మారదు. కొంతవరకు కదలక మెదలక యుండి, ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా మూల మార్చును. ఆ హద్దు ఏదియో గీతలే చెప్పుచున్నవి: పప్పు వెల బియ్యపు వెలకు 22/7 రెట్లు దాటినచోటు. వృత్తపరిధి లెక్కలలో బడిపిల్లలందరు ఎరిగిన ఈ భిన్నము ఇచట మాంసకృత్తుల పాళ్లనుండి యాదృచ్ఛికముగా పుట్టినది. దానికిని వృత్తమునకును ఏ బంధుత్వమును లేదు. సరిగా ఆ హద్దునొద్ద నిలిచినపుడు రెండు మూలల నడుమ అంచంతయు ఒకే వెల పలుకును.

మూలలలో వెదకుమను ఈ ఊహ క్రొత్తది కాదు. ఉష్ణప్రసారమును గూర్చిన సిద్ధాంతముచే ప్రసిద్ధుడైన జోసెఫ్ ఫూరియే 1820 తరువాతి సంవత్సరములలో అసమీకరణముల సముదాయములను విచారించి, అవి ఏర్పరచు ఘనరూపము అంచుల వెంబడి మూలనుండి మూలకు దిగుచు అట్టడుగు బిందువును చేరవచ్చునని గ్రహించినాడు. శతాబ్దమునకు పైగా దానిని పట్టించుకొన్నవారు అరుదు. 1939లో లెనిన్‌గ్రాడున లియోనిడ్ కాంతొరోవిచ్ ప్లైవుడ్డు కర్మాగారముల యంత్రములకు పని పంచు ప్రశ్ననుండి బయలుదేరియు, 1947లో అమెరికా వైమానికదళమున పనిచేయుచున్న జార్జ్ డాంట్‌జిగ్ సైనిక ప్రణాళికల ప్రశ్ననుండి బయలుదేరియు, వేర్వేరు త్రోవల ఇచటికే చేరినారు. డాంట్‌జిగ్ కూర్చిన సింప్లెక్స్ పద్ధతి మూలనుండి మూలకు నడచు నడకయే. ఆ నడకను విడిచి, మడి నడుమగా దారి తీయు వేగవంతమైన పద్ధతిని 1984లో ప్రకటించిన నరేంద్ర కర్మార్కర్ గ్వాలియరున జన్మించినవాడు.

కాగితముపై గీయుటకు అజ్ఞాతములు రెండే కావలెను. మూడైనచో గదిలో ఊహింపవలెను. అంతకు మించినచో కన్ను సాయపడదు. జార్జ్ స్టిగ్లర్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1945లో 77 ఆహారపదార్థములు, 9 పోషకములు తీసికొని, ఒక పురుషునికి సంవత్సరమునకు చాలు అతిచౌక భోజనమేదని ప్రశ్నించి, 1939 నాటి అమెరికా ధరలలో 39 డాలర్ల 93 సెంట్లని తేల్చినాడు. గోధుమపిండి, డబ్బాపాలు, క్యాబేజీ, పాలకూర, ఎండుచిక్కుడు గింజలు: ఐదే వస్తువులు. నిశ్చిత పద్ధతి ఏదియు లేక, తెలివితోడి ఊహతో చేసిన లెక్క అది. 1947లో డాంట్‌జిగ్ పద్ధతిని పరీక్షించుటకు తొమ్మిదిమంది గుమాస్తాలు బల్లలపై చేతియంత్రములతో కూర్చుండి, నూట యిరువది పనిదినముల శ్రమకు ఫలముగా 39 డాలర్ల 69 సెంట్లను కనుగొనిరి. స్టిగ్లర్ ఊహ తప్పినది ఇరువదినాలుగు సెంట్లు మాత్రమే. ఆ భోజనమును సంవత్సరము పొడుగున ఎవరు తినగలరని స్టిగ్లరే అనుమానించినాడు. రుచి అను హద్దును ఆతడు కాగితముపై గీయలేదు.

గీయని హద్దు ఏమి చేయునో డాంట్‌జిగ్‌కే అనుభవమునకు వచ్చినది. 1950 తరువాతి సంవత్సరములలో వైద్యుడు బరువు తగ్గుమని చెప్పగా, ఆయన తన పద్ధతినే నమ్ముకొని, కడుపు నిండినట్లుండుటయే లక్ష్యముగా పెట్టి, నిండుదనమును పదార్థపు బరువునుండి అందలి నీటి బరువును తీసివేసి కొలుచుటకు ఏర్పాటు చేసి, లెక్కను కంప్యూటరుకు అప్పగించినాడు. సాయంకాలమునకు సమాధానము వచ్చినది: తక్కిన వస్తువులతోపాటు దినమునకు ఐదువందల గాలన్ల వినిగర్ త్రాగవలెనట. పట్టికలో వినిగర్‌ను ఆమ్లముగా వ్రాసినారు గాని అందలి నీటిని వ్రాయలేదు. వినిగర్‌ను జాబితానుండి తొలగించి మరల లెక్క వేయించగా, దినమునకు రెండువందల సూపు బిళ్లలు తినుమని వచ్చినది. ఆ బిళ్లలలో ఎంత ఉప్పుండునో తెలిసిన తరువాత వానికి దినమునకు మూడు మించరాదని హద్దు గీసినాడు. సమాధానము మూల మార్చి, తవుడు తినుమన్నది. తవుడునకు హద్దు గీయగా, చెరకు మడ్డి త్రాగుమన్నది. ఆ పిమ్మట ఆయన భార్య, ఇంతవరకు వచ్చిన సమాధానములలో పనికివచ్చు విషయములు కొన్ని గలవని ఒప్పుకొని, తక్కినది తానే నిర్ణయించి వడ్డింపసాగినది. డాంట్‌జిగ్ బరువు తగ్గినాడు.